పోబోతున్న హార్డ్ డిస్క్‌ని మార్చడం, డేటాని కొత్త డిస్కుల్లోకి తరలించడం: ఇంట్లో సర్వర్ ఉన్నవాళ్ళకి

ఒక డిస్క్ పోయినా తట్టుకోవాలనే కదా నాలుగు డిస్కులు పెట్టి సర్వర్ కట్టుకున్నాం. మరి డేటా ఎప్పుడు పోతుందీ అంటే, ఆ పోయిన డిస్క్‌ని మార్చే ఒకటి రెండు రోజుల్లో. కంగారులో పక్కనున్న మంచి డిస్క్‌ని పీకేస్తారు, లేదా బ్యాకప్ చూసుకోకుండా రీబిల్డ్ (మిగతా డిస్కుల నుంచి చదివి కొత్త డిస్క్‌ని నింపడం) మొదలెడితే సగంలో రెండో డిస్క్ కూడా చేతులెత్తేస్తుంది, లేదా పేర్లు అటూ ఇటూ అయి ఖాళీ డిస్క్‌ని నిండు డిస్క్ మీదకి కాపీ కొట్టేస్తారు. డిస్క్ బిగించడానికి పది నిమిషాలు చాలు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు బిగించే ముందు చూసుకోవాల్సిన వాటికే ఇచ్చాను.

ఉదాహరణకి తీసుకుంటున్నది మామూలుగా కనిపించే సెటప్: పాత డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో 4 టీబీ డిస్కులు నాలుగు, మీద ట్రూనాస్ (ఇలాంటి సర్వర్లని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్), అందులో జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెయిడ్‌జెడ్1 పూల్, అంటే నాలుగు డిస్కులనీ కలిపి ఒకటిగా వాడే అమరిక. ఒక డిస్క్ పోతే నడుస్తుంది, రెండు పోతే మొత్తం పోతుంది. ట్రూనాస్ లాంటి ఇంకో సిస్టమ్ ఓపెన్‌మీడియావాల్ట్‌లో ఎమ్‌డీఆడమ్ (డిస్కులని కలిపే లినక్స్ టూల్) వాడేవాళ్ళకీ, సినాలజీ లాంటి రెడీమేడ్ డబ్బా ఉన్నవాళ్ళకీ తేడా వచ్చే చోట చెబుతాను. కమాండ్లు పలికే తీరులో రాస్తున్నాను కాబట్టి, ఎంటర్ కొట్టే ముందు మాన్యువల్ పేజీతో ఒకసారి సరిచూసుకోండి.

నిజంగా డిస్కే పోతోందా

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలని స్మార్ట్ అంటారు. వాటిని చూపించే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కి మైనస్ ఏ తగిలించి డిస్క్ పేరు ఇస్తే పేజీ నిండా సమాచారం వస్తుంది. పైన ఎక్కడో 'పాస్డ్' అని ఉంటుంది, దాన్ని చూసి నిశ్చింతగా పడుకోకండి, చావుబతుకుల్లో ఉన్న డిస్కులు కూడా చాలాసార్లు పాస్డ్ అనే చెబుతాయి. కింద పట్టికలో చివరి కాలమ్, రా వాల్యూ అని ఉంటుందే, అది చూడాలి. 5వ నంబరు రీఎలొకేటెడ్ సెక్టార్లు (సెక్టార్ అంటే డిస్క్ మీద డేటా దాచే చిన్న గది), అంటే చెడిపోయిన సెక్టార్ల బదులు డిస్క్ తన దగ్గరున్న స్పేర్ సెక్టార్లను ఎన్నిటిని వాడేసిందో ఆ లెక్క. 197 పెండింగ్, అంటే చదవడానికి మొరాయించి ఇంకా ఎటూ తేలనివి. 198, 187 అసలు చదవలేక వదిలేసినవి. ఈ నాలుగూ సున్నా ఉంటే బాగున్నట్టు. 5లో ఎనిమిదో పదహారో ఉండి నెలల తరబడి అక్కడే ఆగితే ఆ డిస్క్ ఇంకా చాలాకాలం లాగొచ్చు, వారం వారం పెరుగుతుంటే మాత్రం దాని పని అయిపోయినట్టే. 197లో అంకె కనిపించాక నేనైతే కొత్త డిస్క్ ఆర్డర్ పెట్టేస్తాను. ఆ సెక్టార్ మీద మళ్ళీ రాసినప్పుడు 197 తిరిగి సున్నాకి దిగిపోవచ్చు, దిగింది కదా అని మర్చిపోకుండా 5 పెరిగిందేమో చూడండి.

199 ఒక్కటి వేరు. యూడీఎమ్‌ఏ సీఆర్‌సీ ఎర్రర్లు అని ఉంటుంది, దానికి కారణం దాదాపు ఎప్పుడూ సాటా కేబులే. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. వంద రెండొందల కేబుల్‌తో తీరే గొడవకి వేలు పోసి డిస్క్ కొని, కొత్త డిస్క్‌ని మళ్ళీ అదే కేబుల్‌కి తగిలించి, ఇది కూడా డిఫెక్ట్ పీసే అని తిట్టుకునేవాళ్ళున్నారు. ఇంకో మాట, సీగేట్ డిస్కుల్లో 1, 7 నంబర్ల దగ్గర కోట్లలో అంకెలు కనిపిస్తాయి. వాళ్ళు లెక్క రాసే పద్ధతే అంత, టెన్షన్ పడక్కర్లేదు.

జెడ్‌పూల్ స్టేటస్ కొడితే ప్రతి డిస్క్ ఎదురుగా రీడ్, రైట్, చెక్‌సమ్ (చదివిన డేటా రాసినట్టే ఉందో లేదో చూసే లెక్క) అని మూడు అంకెలు వస్తాయి. ఒక్క డిస్క్‌కే ఎర్రర్లుంటే ఆ డిస్కో దాని కేబులో. నాలుగింటికీ ఇంచుమించు ఒకేలా చెక్‌సమ్ ఎర్రర్లు ఉంటే నాలుగు డిస్కులూ ఒకేసారి పాడవడం కాదది, ర్యామ్, ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై), లేదా డిస్కులు తగిలించిన కంట్రోలర్ కార్డు మీద అనుమానపడాలి. పాత క్యాబినెట్‌తో వచ్చిన చవక ఎస్ఎంపీఎస్ మీద నాలుగు డిస్కులు నడుపుతున్నవాళ్ళు ముందు దాన్నే మార్చి చూడటం మంచిది.

అనుమానం తీరకపోతే లాంగ్ టెస్ట్ (డిస్క్ తనని తాను మొత్తం చదివి చూసుకునే పరీక్ష) పెట్టండి. 4 టీబీ డిస్క్‌కి ఏడెనిమిది గంటలు, 8 టీబీకి పన్నెండు పైన పడుతుంది. 'రీడ్ ఫెయిల్యూర్' అని ఫలితం వస్తే ఇంక ఆలోచించేదేం లేదు, ఆ స్క్రీన్‌ని ఫోటో తీసి పెట్టుకోండి, వారంటీకి పనికొస్తుంది. కానీ పూల్ ఇప్పటికే డిగ్రేడెడ్ అయ్యుండి (అంటే ఒక డిస్క్ లోటుతో నడుస్తూ), బ్యాకప్ కూడా లేకపోతే లాంగ్ టెస్ట్ జోలికి వెళ్ళొద్దు. ఆ డిస్కుకి మిగిలిన ఓపిక కాపీ చేసుకోవడానికి వాడుకోవాలి గానీ పరీక్షలకి కాదు.

బ్యాకప్ లేకుండా రీబిల్డ్ మొదలెట్టొద్దు

నాలుగింటిలో ఒకటి మార్చేటప్పుడు మిగతా మూడూ వాటి మీదున్న డేటా అంతా మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆ మూడూ అదే రోజు, అదే షాపులో, అదే పెట్టెలోంచి కొన్నవి అయ్యుంటాయి, అన్నేళ్ళూ అదే వేడిలో తిరిగాయి. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో చదవలేని ఎర్రర్ పది టు ది పవర్ 14 బిట్లకి ఒకటికి మించదని రాస్తారు, అంటే సుమారు 12.5 టీబీకి ఒకటి. అది కంపెనీ ఇచ్చే హామీ లెక్క, డిస్కులు దానికంటే బాగానే నడుస్తాయి, రెయిడ్5 (రెయిడ్‌జెడ్1 లాగే ఒక డిస్క్ పోయినా తట్టుకునే అమరిక) చచ్చిపోయిందని భయపెట్టే లెక్కలన్నీ దీన్ని పట్టుకుని వేసినవే. అయినా పాత డిస్కుల మీద రిస్క్ ఉన్న మాట నిజం. ఇక్కడ జెడ్‌ఎఫ్‌ఎస్ కొంచెం దయ చూపిస్తుంది, ఒక చోట చదవలేకపోతే ఆ ఫైల్ ఒక్కటి పోయిందని పేరు చెప్పి మిగతాది కొనసాగిస్తుంది. ఎమ్‌డీఆడమ్ రెయిడ్5లో అదే జరిగితే ఆ డిస్క్‌ని బయటికి తోసేసి రీబిల్డే ఆగిపోవచ్చు.

కాబట్టి ముందు కాపీ. అంతా అక్కర్లేదు, మళ్ళీ దొరకనివి చాలు: ఫోటోలు, పెళ్ళి వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు, ఐటీ రిటర్నులు. సినిమాలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఒక యూఎస్‌బీ డిస్క్ తీసుకుని దాంట్లోకి వేసెయ్యండి. అది ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, పెళ్ళి వీడియో కచ్చితంగా దాటుతుంది, కాబట్టి ఎక్స్‌ఫ్యాట్‌లోకో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకో ముందే ఫార్మాట్ చేసుకోండి. కాపీ అయ్యాక ఆ యూఎస్‌బీ డిస్క్‌ని ఇంకో ల్యాప్‌టాప్‌కి తగిలించి నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడండి. వీడియో అయితే మధ్యలోకీ చివరికీ జరిపి చూడాలి, మొదటి పది సెకన్లు ఆడితే సరిపోదు.

కరెంటు సంగతి కూడా ఇప్పుడే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటారు గానీ, చాలా ఇన్వర్టర్లకి వెనకో ముందో యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయిన ఆ క్షణానికి ఫ్యాన్లూ లైట్లూ తట్టుకుంటాయి, సర్వర్ మాత్రం ఆగి మళ్ళీ లేస్తుంది. రీబిల్డ్ మధ్యలో కరెంటు పోతే జెడ్‌ఎఫ్‌ఎస్ మళ్ళీ లేచాక పని కొనసాగిస్తుంది, అందులో భయం లేదు. నీరసంగా ఉన్న డిస్క్ ఆగి మళ్ళీ తిరగడమే అసలు గండం, చాలా డిస్కులు పోయేది ఆ స్టార్టింగ్‌లోనే. చిన్నదైనా సరే విడిగా యూపీఎస్ ఉంటే మేలు. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో ఈ పని పెట్టుకుంటే క్యాబినెట్ పక్క తలుపు తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. డిస్క్ వేడి 45 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలు, 50 దాటుతుంటే ఫ్యాన్ సరిపోవట్లేదని లెక్క.

ఏది పీకాలో తేల్చుకోవడం

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లని నమ్మి క్యాబినెట్ తెరవొద్దు. రీస్టార్ట్ చేస్తే ఆ పేర్లు మారిపోవచ్చు, నిన్న ఎస్‌డీసీ అయినది ఇవాళ ఎస్‌డీబీ కావచ్చు. సీరియల్ నంబర్ ఒక్కటే మారదు. స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఐ కొడితే వస్తుంది, ట్రూనాస్‌లో డిస్కుల పేజీలో కూడా కనిపిస్తుంది. కమాండ్లలో కూడా డిస్క్ బై ఐడీ ఫోల్డర్‌లో ఉండే పొడుగు పేర్లే వాడండి, వాటిలో మోడల్, సీరియల్ రెండూ ఉంటాయి కాబట్టి తప్పు జరిగే అవకాశం తక్కువ.

డిస్క్ మీద సీరియల్ అతికించి ఉండేది వెడల్పుగా ఉన్న పైవైపు. క్యాబినెట్‌లో ఒకదాని కింద ఒకటి బిగించాక ఆ వైపు కనిపించదు, టార్చ్ వేసి మెడ తిప్పినా చివరి రెండు అక్షరాలు చదవడం కష్టం. అందుకని ఎలాగూ ఇప్పుడు తెరుస్తున్నారు కాబట్టి సర్వర్ ఆపేసి, నాలుగింటినీ ఒక్కొక్కటే బయటికి జరిపి, సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలు పేపర్ టేపు మీద మార్కర్‌తో రాసి, కేబుళ్ళు తగిలించే వైపు అంచుకి అంటించండి. సున్నా, ఓ అక్షరం, ఎనిమిది, బీ ఇవి కలిసిపోతాయి, స్క్రీన్ మీది దానితో పోల్చి రాయండి. డిస్క్ పూర్తిగా చచ్చిపోయి సిస్టమ్‌లో కనిపించకపోతే దాని సీరియల్ తెలీదు కదా, అప్పుడు బతికున్న మూడింటి సీరియల్స్ రాసుకుంటే జాబితాలో లేనిదే పోయినది.

కొత్త డిస్క్ కొనేటప్పుడు

పాతదాని సైజు లేదా అంతకన్నా పెద్దది. ఒక్క సెక్టార్ తక్కువైనా పూల్ ఒప్పుకోకపోవచ్చు. నాకైతే రెట్టింపు సైజు కొనడమే నచ్చుతుంది, మిగతావి కూడా వరసగా మార్చాల్సి వచ్చేవే కాబట్టి.

సీఎమ్‌ఆర్ డిస్కే (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రాసేది) కొనండి. ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కుల్లో ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా రాస్తారు, ఒక ట్రాక్ మార్చాలంటే పక్కవి కూడా మళ్ళీ రాయాలి. మామూలు వాడకంలో తెలీదు, రీబిల్డ్ లాగా గంటల తరబడి రాసేటప్పుడు డిస్క్ నత్తనడక నడుస్తుంది, ఒక్కోసారి జవాబివ్వడం మానేస్తే కంట్రోలర్ దాన్ని పోయినదిగా లెక్కేస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా ఎస్‌ఎమ్‌ఆర్ వాడుతున్నారని బయటపడి పెద్ద గొడవైంది, ఆ తర్వాతే వాళ్ళు సీఎమ్‌ఆర్ వాటికి రెడ్ ప్లస్ అని విడిగా పేరు పెట్టారు. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ సీఎమ్‌ఆర్, బారాకుడా 4, 8 టీబీ మోడళ్ళు ఎస్‌ఎమ్‌ఆర్. షాపులో "అన్నా, నాస్‌కే ఇస్తరు ఇది, ఏం కాదు తీస్కో" (నాస్ అంటే ఇలాంటి స్టోరేజ్ సర్వర్) అంటే సరే అని తలూపి, మోడల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి చూసుకోండి.

హైదరాబాద్ వాళ్ళు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే సీల్ చూసి తెచ్చుకోవచ్చు. ఎక్కడ కొన్నా బిల్లు ఇచ్చేలోపే ఫోన్‌లో కంపెనీ వారంటీ పేజీ తెరిచి సీరియల్ కొట్టండి: వారంటీ ఎప్పటిదాకా ఉంది, ఏ దేశానికి ఉంది. అమెరికా నుంచి వచ్చే బావమరిదితో తెప్పించుకునే డిస్కులకి ఈ రెండో ప్రశ్న ముఖ్యం, ధర తక్కువే గానీ ఇక్కడ పోతే తిరిగి అక్కడికే పంపాలి. అక్కడ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని డబ్బా విప్పి లోపలిది వాడేవాళ్ళకి ఇంకో తలనొప్పి, కొన్ని వెస్టర్న్ డిజిటల్ డిస్కులు పాత ఎస్ఎంపీఎస్ మీద అసలు తిరగవు. డిస్క్ పాడు కాదు, పవర్ కనెక్టర్‌లో మూడో పిన్నుకి 3.3 వోల్టులు వస్తే ఆగిపోవాలని దానికి చెప్పి ఉంటుంది. ఆ పిన్ను మీద కరెంటు పారని సన్నటి క్యాప్టన్ టేపు అంటిస్తే లేస్తుంది. పాత రకం నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకి మార్చే కనెక్టర్ పెట్టినా లేస్తుంది, కానీ వైర్లు ప్లాస్టిక్‌లో పోతపోసి ఉండే చవక రకం కాలిపోయిన కేసులున్నాయి, అవి వద్దు.

కొత్తదని అమ్మినది నిజంగా కొత్తదేనా అన్నది కూడా చూసుకోవాల్సి వస్తోంది. 2025 మొదట్లో జర్మనీలో బయటపడింది, డేటా సెంటర్ తరహా వాడకంలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కులకి స్మార్ట్ లెక్కలు సున్నా చేసి కొత్తవిగా అమ్మేశారు. ఫార్మ్ అని సీగేట్ డిస్కుల్లో ఇంకో లాగ్ ఉంటుంది, దాంట్లో గంటలు చెరిగిపోలేదు కాబట్టి దొరికిపోయారు. స్మార్ట్‌సీటీఎల్ కొత్త వెర్షన్లు ఆ లాగ్ చదువుతాయి. రెండు చోట్లా పవర్ ఆన్ గంటలు ఒకటే ఉన్నాయో లేదో చూడండి.

పూల్ ఇంకా ఆరోగ్యంగా ఉండి, ముందుజాగ్రత్తగా మారుస్తుంటే కొత్త డిస్క్‌ని బ్యాడ్‌బ్లాక్స్ అనే టూల్‌తో రాసి చదివించండి. నాలుగు సార్లు రాసి నాలుగు సార్లు చదువుతుంది, 8 టీబీకి నాలుగు రోజుల దాకా పడుతుంది, పెద్ద డిస్కులకి బ్లాక్ సైజు 4096 అని ఇవ్వకపోతే మొదలే పెట్టదు. ఇది డిస్క్ మీదున్నదంతా తుడిచేసే టెస్ట్, కాబట్టి సీరియల్ మళ్ళీ ఒకసారి చూడండి. పూల్ అప్పటికే డిగ్రేడెడ్ అయితే నాలుగు రోజులు కూర్చోకండి, షార్ట్ టెస్ట్ చేసి ఎక్కించెయ్యండి. ఇలా టెస్ట్ చేసిన స్పేర్ ఒకటి ముందే బీరువాలో ఉంటే ఈ తర్జనభర్జన ఉండదు.

మార్చడం

మదర్‌బోర్డు మీద ఒక సాటా పోర్టు ఖాళీగా ఉంటే పాత డిస్క్‌ని తీయకుండానే కొత్తది తగిలించండి. చాలామంది ముందు పాతది పీకేసి ఆ చోట కొత్తది పెడతారు, దాంతో చేతిలో ఉన్న భద్రతని వాళ్ళే వదులుకున్నట్టు. పాతది కొంచెమైనా పనిచేస్తుంటే జెడ్‌ఎఫ్‌ఎస్ దాని నుంచి కూడా చదువుకుంటుంది, ఈలోగా ఇంకో డిస్క్‌లో ఎర్రర్ వచ్చినా ఆదుకుంటుంది. ట్రూనాస్‌లో స్టోరేజ్ పేజీలో మేనేజ్ డివైసెస్‌లోకి వెళ్ళి, పోతున్న డిస్క్‌ని సీరియల్ చూసి ఎంచుకుని, రీప్లేస్ నొక్కి, కొత్తదాన్ని చూపిస్తే అంతే. స్టేటస్‌లో రీప్లేసింగ్ అన్న పేరు కింద పాతదీ కొత్తదీ జంటగా కనిపిస్తాయి, పని పూర్తయ్యాక పాతది దానంతటదే పూల్ నుంచి తప్పుకుంటుంది. కానీ పాత డిస్క్ ప్రతి సెక్టార్‌కీ అరనిమిషం ఆలోచిస్తూ మొత్తాన్ని ఆపేస్తుంటే మాత్రం ఆఫ్‌లైన్ చేసెయ్యండి.

ఖాళీ పోర్టు లేకపోతే ఆ డిస్క్‌ని ముందు ఆఫ్‌లైన్ చేసి, షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, టేపు మీది నాలుగు అక్షరాలు చూసి మార్చి, మళ్ళీ ఆన్ చేశాక రీప్లేస్ నొక్కండి. డిస్క్ తీసేటప్పుడు పక్క డిస్కుల కేబుళ్ళు కదులుతాయి, మూసే ముందు అన్నీ ఒకసారి నొక్కండి. ఆన్ చేయగానే రెండో డిస్క్ కూడా మాయమైందని గుండె ఆగినంత పనయ్యే సందర్భాల్లో సగం ఇదే.

ఎమ్‌డీఆడమ్‌లో కూడా ఖాళీ పోర్టు ఉంటే యాడ్ చేసి, రీప్లేస్ ఫలానాదాన్ని విత్ ఫలానాదానితో అని ఇవ్వొచ్చు. లేకపోతే ఫెయిల్, రిమూవ్, యాడ్, ఈ వరసలో. ఎర్రే (డిస్కుల జట్టు) పార్టిషన్ల మీద కట్టి ఉంటే కొత్త డిస్క్‌లో ముందు అలాంటి పార్టిషన్లే చేయాలి, పోయిన డిస్క్ నుంచే సిస్టమ్ బూట్ అవుతుంటే కొత్తదాని మీద గ్రబ్ (సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) కూడా ఎక్కించాలి, లేకపోతే తర్వాత ఎప్పుడో రీస్టార్ట్ చేసినప్పుడు నల్ల తెర పలకరిస్తుంది. సినాలజీలో అయితే డిస్క్ మార్చి స్టోరేజ్ మేనేజర్‌లో రిపేర్ నొక్కడమే.

ఎంత టైం పడుతుందంటే, జెడ్‌ఎఫ్‌ఎస్ వాడిన మేరకే రాస్తుంది, ఎమ్‌డీఆడమ్ డేటా ఉన్నా లేకున్నా డిస్క్ మొత్తం రాస్తుంది. 8 టీబీ డిస్క్ సెకనుకి 150 ఎంబీ చొప్పున అయితే పదిహేను గంటలు. అంతసేపూ టొరెంట్లు, జెల్లీఫిన్ (సినిమాలు చూపించే యాప్) స్కాన్‌లు, ఫోన్ల బ్యాకప్‌లు ఆపేయండి. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పాలి, లేకపోతే "సినిమా మధ్యలో ఆగుతోంది, నువ్వేదో కెలికావు" అని మొదలవుతుంది. పూర్తయ్యాక స్క్రబ్ (పూల్‌లోని డేటా అంతా చదివి సరిచూసే పని) నడిపి, జెడ్‌పూల్ స్టేటస్‌కి మైనస్ వీ తగిలించి చూడండి, ఏవైనా ఫైళ్ళు పాడైతే పేర్లతో సహా వస్తాయి. అవి బ్యాకప్ నుంచి తెచ్చుకుని, పాత లెక్కలని క్లియర్ చేస్తే సరి.

రెండో డిస్క్ కూడా మొరాయిస్తే

ఇక్కడ రీబిల్డ్ మాటే మర్చిపోండి. ఎఫ్ఎస్‌చెక్, చెక్‌డిస్క్ లాంటి రిపేర్ టూల్స్ నడపొద్దు, అవి నీరసించిన డిస్క్ మీద రాతలు మొదలెడతాయి. డీడీరెస్క్యూ వాడండి. అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా లాగేసి, మొండి సెక్టార్లను చివరికి వదిలి, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది, మధ్యలో ఆగినా మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. మ్యాప్ ఫైల్‌ని మూడో చోట, అంటే పెన్‌డ్రైవ్ మీదో సిస్టమ్ డిస్క్ మీదో పెట్టండి. మొదటి విడత మైనస్ ఎన్‌తో, రెండో విడత మైనస్ డీ, మైనస్ ఆర్ 3తో. వరస ఎప్పుడూ ముందు పాత డిస్క్, తర్వాత కొత్త డిస్క్, ఆ తర్వాత మ్యాప్ ఫైల్. ఇది తిరగబడితే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది, దానికి మందు లేదు. కాపీ అయ్యాక పాతదాన్ని తీసేసి, దాని బదులు ఈ నకలుతో పూల్‌ని ఇంపోర్ట్ చేయొచ్చు. అసలూ నకలూ రెండూ ఒకేసారి తగిలించి ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్ తికమక పడుతుంది, కాబట్టి ఒకటే ఉండాలి.

డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే డీడీరెస్క్యూ కూడా వద్దు. కరెంటు ఆపేసి, అందులో ఉన్నదానికి ఎంత విలువిస్తారో ఆలోచించుకుని రికవరీ ల్యాబ్‌కి తీసుకెళ్ళండి. ఫ్రిజ్‌లో పెడితే నడుస్తుందన్న పాత చిట్కా జోలికి వెళ్ళకండి, తీసిన తర్వాత లోపల తేమ పడితే ల్యాబ్ వాళ్ళకి కూడా ఏం మిగలదు.

అన్నీ పాతవే అయితే: మొత్తం తరలింపు

నాలుగింటినీ ఒక్కొక్కటిగా 8 టీబీతో మారుస్తూ పోవచ్చు. ఆటో ఎక్స్‌పాండ్ ఆన్‌లో ఉంటే నాలుగోది మారాక పూల్ పెద్దదవుతుంది, అప్పటిదాకా ఒక్క జీబీ కూడా పెరగదు. నాలుగు రీబిల్డ్‌లు, నాలుగుసార్లూ పాత డిస్కుల మీద భారం. ఐదేళ్ళు దాటిన డిస్కులైతే నేను ఈ దారి పట్టను. 16 టీబీవి రెండు కొని మిర్రర్‌గా (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) కొత్త పూల్ కట్టి, డేటా దాంట్లోకి పంపేస్తాను. నాలుగు 4 టీబీల రెయిడ్‌జెడ్1లో వాడుకోవడానికి వచ్చేది 12 టీబీ, ఇక్కడ 16 వస్తుంది, కరెంటు కూడా రెండు డిస్కులకే. పాత పూల్‌ని ఒక్కసారి చదివితే సరిపోతుంది, కాపీ అయ్యాక కూడా అది అలాగే చెక్కుచెదరకుండా ఉంటుంది. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో రెయిడ్‌జెడ్‌కి ఐదో డిస్క్ కలిపే వీలొచ్చింది గానీ, ముసలి డిస్కుల పక్కన కొత్తది చేర్చడం మన సమస్యకి పరిష్కారం కాదు.

పద్ధతి ఇది. పాత పూల్ మీద రికర్సివ్ స్నాప్‌షాట్ (లోపలివన్నీ కలిపి ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు పట్టి ఉంచేది) తీసి, జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్‌కి పెద్ద ఆర్ తగిలించి రిసీవ్‌లోకి పంపండి. టీమక్స్ (కనెక్షన్ తెగినా కమాండ్‌ని ఆపని టూల్) లోపల నడపండి, ల్యాప్‌టాప్ మూసేసినా ఆగదు. కమాండ్లంటే భయమైతే ట్రూనాస్ రిప్లికేషన్ టాస్క్ ఇదే పని చేస్తుంది. అయ్యేలోపు ఇంట్లో సర్వర్ మామూలుగా వాడుకోవచ్చు. చివర్లో షేర్లు, యాప్‌లు అన్నీ ఆపేసి ఇంకో స్నాప్‌షాట్ తీసి మధ్యలో మారినవి మాత్రం పంపితే ఐదు పది నిమిషాల్లో తేలిపోతుంది. తర్వాత రెండు పూల్‌లనీ ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తదాన్ని పాత పేరుతో ఇంపోర్ట్ చేస్తే షేర్ల దారులేవీ మార్చక్కర్లేదు. కుదిరితే రెండు పూల్‌లూ ఒకే మెషీన్‌లో పెట్టి చేయండి. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకి 110 ఎంబీ దాటదు, 8 టీబీకి ఇరవై గంటలు. వైఫై మీద అయితే ఆలోచనే వద్దు.

విండోస్ నుంచో ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) నుంచో వస్తుంటే ఆర్‌సింక్ అనే కాపీ టూల్ వాడండి. సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలివి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తుంది. మొదట డ్రై రన్ పెట్టి ఏమేం చేయబోతోందో చదవండి, డిలీట్ ఆప్షన్ ఇచ్చినప్పుడైతే ఒకటికి రెండుసార్లు. మొత్తం అయ్యాక చెక్‌సమ్ ఆప్షన్‌తో మళ్ళీ ఒకసారి నడిపితే ప్రతి ఫైల్‌నీ రెండువైపులా చదివి పోలుస్తుంది, టైం తీసుకుంటుంది గానీ ఆ తర్వాత అనుమానం ఉండదు.

తెలుగులో ఫైళ్ళ పేర్లు పెట్టుకునేవాళ్ళకి రెండు చిక్కులు ఎదురవుతాయి, ఇంగ్లీషు గైడ్లలో ఇవి కనపడవు. ఈఎక్స్‌టీ4, జెడ్‌ఎఫ్‌ఎస్ రెండింటిలోనూ మామూలుగా పేరు 255 బైట్లు దాటకూడదు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, గుణింతం గుర్తులూ ఒత్తులూ విడివిడిగా లెక్క, అంటే మొత్తం 85 దాటితే అంతే. విండోస్‌లో ఆ లెక్క వేరు కాబట్టి అక్కడ బాగానే ఉన్న పేరు ఇక్కడికి వచ్చేసరికి 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అని ఆగిపోతుంది. యూట్యూబ్ నుంచి దింపిన ప్రవచనాలు, హరికథల పేర్లతో ఇది తరచూ వస్తుంది, పేరు కత్తిరించి మళ్ళీ పంపడమే. రెండోది మ్యాక్ వాళ్ళకి. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కుల్లో 'ఐ' గుర్తుని రెండు ముక్కలుగా విడదీసి దాస్తారు. లినక్స్ దాన్ని వేరే పేరుగా చూస్తుంది కాబట్టి 'పైలం', 'మైసూరు' లాంటి పేర్లున్న ఫోల్డర్లు కంటికి ఒకేలా కనిపిస్తూ రెండేసి తయారవుతాయి. ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ ఆప్షన్‌కి యూటీఎఫ్-8-మ్యాక్ అని ఇస్తే కలిసిపోతాయి.

పాత డిస్కులని కనీసం ఒక నెల ముట్టుకోకుండా పక్కన పెట్టండి. పోయిన డిస్క్ మీద మాత్రం పెద్ద అక్షరాలతో పోయింది అని, తేదీ వేసి రాయండి, ఆరు నెలల తర్వాత బీరువాలో చూసి స్పేర్ ఉందే అనుకుని వాడేయకుండా. అమ్మేవైతే మొత్తం సున్నాలతో ఒకసారి నింపితే చాలు, ఏడుసార్లు తుడవాలన్నది పాతకాలపు మాట. వారంటీకి పంపాల్సిన చచ్చిన డిస్క్‌ని తుడవడం ఎలాగూ కుదరదు, అందుకే కొత్త పూల్ కట్టేటప్పుడే ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే ఆ బెంగ ఉండదు, ఆ కీ ఫైల్ మాత్రం సర్వర్‌లోనే కాకుండా బయట ఇంకో చోట దాచండి.

ఇక సెట్టింగులు: షార్ట్ టెస్ట్ వారానికి ఒకటి, లాంగ్ టెస్ట్ నెలకి ఒకటి, స్క్రబ్ నెలకి ఒకటి, చివరి రెండూ ఒకే రాత్రి పడకుండా. కొత్త డిస్కులు వచ్చాక పాత షెడ్యూల్ వాటికి వర్తిస్తుందని అనుకోకండి, టాస్క్‌లో డిస్కులని పేరుపేరునా ఎంచుకుని ఉంటే కొత్తవి ఆ జాబితాలో ఉండవు. అలర్ట్ మెయిల్ పేజీలో సెండ్ టెస్ట్ మెయిల్ నొక్కి చూడండి. జీమెయిల్ అయితే మామూలు పాస్‌వర్డ్ తీసుకోదు, యాప్ పాస్‌వర్డ్ తయారుచేసి ఇవ్వాలి, మీరు గూగుల్ పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా అది కూడా రద్దవుతుంది.